పెట్టె మాట వినే విమానం

హలో… ఆ, నేనే, జహీరాబాద్ నారమ్మను. పోస్టాఫీసుకెల్లి మాట్లాడుతున్న. ముఖ్తార్ బేటా, నువ్వేనా?…

నేను మంచిగనే ఉన్న. మా ఇంటాయనే మంచిగ లేడు…

దవాఖాన రోగం గాదు బిడ్డా. ఆయన చేసిన చిన్న విమానం కూలింది… ఆ, గదే. కింద నిలబడి పెట్టె మీట ఒత్తితె పైన తిరిగేది. నీ దుకాన్ల సామానే గద! ఎండకాలమంత కూసోని చేసిండు. మొన్న ఐతారం చిరాగ్‌పల్లి మైదానంల ఎగిరేసిండు. గద్ద లెక్క పోయింది. ఒక్కసారే తలకిందులై జొన్న చేన్ల పడ్డది…

బ్యాటరీ గాదు. రేవణసిద్ధప్ప!… ఆ, పిండి గిర్నీ వాడే. వాడు గూడ తన విమానం తెచ్చిండు. ఒకలు ఎగిరేస్తుంటె మిగిలినోళ్లు తమ పెట్టెలు బంద్ చేసి చాప మీద పెట్టాలె గద? వాడు పెట్టలే. శాలువ కింద పట్టుకొని మీట ఒత్తిండు… నేను చూసిన బేటా. వాని పెట్టె ఏరియల్ కడ్డీ తళుక్కుమన్నది. నా కండ్లకేమైంది?

పైకెల్లి, "ముసలోడా, పతంగి ఎగిరేసుకో పో" అని అందరి ముంగట నవ్విండు. గప్పటిసంది మా ఆయన కంచం ముంగట కూసోని తినకనే లేస్తున్నడు. పనిముట్లన్ని అటక మీదికెక్కిచ్చిండు…

మర్చిపోవాల్నా? మా పెండ్లికి వాడు పెరుగుల నీళ్లు కలిపి పంపిండు. గదే మర్చిపోలే నేను!

సరే, విమానం లోపలుండే రిసీవర్ల ముచ్చట చెప్పు… రెండు తీర్లా?… పాత తీరుది ఎవలు మీట ఒత్తినా వింటదా? మా ఆయనది గదేనా! అయ్యో…

కొత్తదాంట్ల క్రిస్టల్ ఉంటదా?… అంటె మన పెట్టె మాటే వింటది, రేవణసిద్ధప్ప పెట్టె మాట వినది. గదీ రిసీవరంటె! బరువెంత?… సబ్బుబిళ్లంతనా? గట్లయితె రెక్కలకు భారం గాదు. గదే పంపు…

పార్సిల్ మీద నా పేరే రాయి. మొగని పేరు నా నోటితోని ఎట్ల పలుకుత?…

ఆగు, ఆగు. రేవణసిద్ధప్ప విమానంల ఏ తీరుది ఉన్నది?… పాతదేనా? నిజంగనా?… అంటె మా పెట్టె మీట ఒత్తినా వింటదన్నట్టు…

ఎందుకో ఏంది? ఊకెనే అడిగిన.

వచ్చే ఐతారం వాడు తహసీల్దారు ముంగట ఎగిరేస్తడంట. కొత్త శాలువ గూడ కొన్నడంట…

తౌబా తౌబా అనకు బేటా. మనుషుల తలల మీద పడనిస్తనా? జొన్న చేను మీదికి పోయినంకనే ఒత్తుత. పెట్టె కొంగు కింద ఉంటది. ముసల్దాని కొంగు దిక్కు ఎవలు చూస్తరు?…

ఏ మీటనో చెప్పవా? వద్దులే, నాకెరికే. ఇన్నొద్దులు ఆయన పక్కపొంటి కూసున్నదాన్ని…

మా ఆయనా? ఆయన ఒత్తడు. చీమ మీద కాలువెయ్యని మనిషి, మంచోడు…

నేనా? నేను మంచిదాన్నని నీకెవలు చెప్పిన్రు?… పెట్టేస్తున్న.