లిల్లీ రాయి

(ముత్తుకూరు రోడ్డు పక్కన, సమాధి రాళ్లు చెక్కే ఓబులేసు కొట్టం. ప్రాచీన భాషల పాఠాలు చెప్పి రిటైరైన గిద్యోను మాస్టారు వచ్చి స్టూలు మీద కూర్చుని చాలాసేపయింది.)

"పేరు చెక్కేసినా. పుట్టిన తేదీ, పోయిన తేదీ చెక్కేసినా. కింద జానెడు జాగా అట్టనే ఉండాది మాస్టారూ. ఆదివారం ఏడాది జ్ఞాపక కూడిక పెట్టుకోని, శుక్రవారం సాయంత్రానిక్కూడా అక్కడ చెక్కే మాట రాసియ్యకపోతే నేనెట్టా చేసేది?"

"ఇస్తా."

"పోయిన వారం గూడా ఇస్తా అన్నారు."

"ఇస్తా ఓబులేసూ. రాయి ఎదురుగా కూర్చుంటే ఏమన్నా తడతాదేమో అని వచ్చినా."

"తట్టిందా?"

"దుమ్ము తట్టింది."

"పోర్టు లారీలు గదా. ఉండండి, తుడుస్తా. ఇప్పుడు చూడండి, అమ్మగారి పేరు, లిల్లీ గ్రేస్ అని ఎంత కుదురుగా వచ్చిందో. మిషను మీద చెక్కితే రాదు ఈ సొంపు."

"బాగుంది."

"చూడకుండానే బాగుందంటారు."

"చూళ్లేకపోతా ఉండాను. ఏడాదైనా ఆ పేరు పక్కన రెండో తేదీ చూళ్లేకపోతా ఉండాను."

"నిజమేలెండి. అయినా మీకేంది మాస్టారూ ఇబ్బంది. మీ సంఘంలో ఎవరు పోయినా ఏడాది తిరిగేలోపల మీ ఇంటికే గదా వచ్చేది. రాయి మీద ఏం రాయాలో మీరు చీటీ రాసిస్తారు, వాళ్లు తెచ్చి నాకిస్తారు. ముప్పై ఏళ్లుగా అదేగదా నడస్తా ఉండేది."

"ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందంట."

"ఆ మాట నేననలేదు."

"నేనే అంటా ఉండాలే."

"పోనీ 'ప్రభువునందు నిద్రించెను' అని పెట్టేద్దునా? ఎవురూ కాదనరు. మీ పాస్టరుగారు నిన్న ఫోన్లో అదే అన్నాడు."

"వద్దు."

"ఎందుకని?"

"నిద్రపోతా ఉండాదని నాకు తెలీదు గాబట్టి. ఎక్కడుందో తెలీదు ఓబులేసూ. పాఠం చెప్పినన్నాళ్లు తెలుసనుకున్నా. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుంటే తెలీడం లేదు. తెలీని మాట తీసుకపోయి ఆమె నెత్తిన పెట్టలేను."

"ఇంత చదివినోళ్లు మీకే తెలీకపోతే మాబోటోళ్ల సంగతేంది?"

"చదివినందుకే తెలీదు. హీబ్రూ, గ్రీకు, అరామిక్కు, నలభై ఏళ్లు పాత సమాధుల మీది రాతలే చదివినా. ఏ భాషలో చూసినా, చచ్చిపోయినవాళ్లు తిరిగి రాసిన ముక్క ఒక్కటీ లేదు. అన్నీ బతికుండేవాళ్లు రాసినవే."

"ఏం రాసేవాళ్లో?"

"చాలా చోట్ల ఒకటే మాట. ఈ తలుపు తీయొద్దు, లోపల వెండీ లేదు బంగారమూ లేదు, పడుకోనుండే మనిషిని కదిలించొద్దు. రాజైనా అంతే, రాజు దగ్గర పనిచేసినవాడైనా అంతే. కదిలించొద్దు."

"కదిలించొద్దనా?"

"ఆ. ఏం, అట్టా చూస్తావే?"

"ఏం లేదు. టీ తెప్పించేదా?"

"వద్దు."

"పొద్దున కూడా తాగుండరు మీరు."

"మానేసినా. ఇంట్లో టీ అంటే గడప మీద ఉండాల. నేను రాసుకునే గదిలోకి ఎవరినీ రానిచ్చేవాణ్ణి కాదు, కాగితాలు చెదిరిపోతాయని. ఎండాకాలంలో ఫ్యాను కూడా వేసుకునేవాణ్ణి కాదు. లిల్లీ గ్లాసు తెచ్చి గడప మీద పెట్టి, వేలితో రెండుసార్లు తలుపు కొట్టి పోయేది. ఇప్పటికీ నిద్ర లేస్తానే గడప చూస్తా. గ్లాసు ఉండదు. ఉండదని తెలుసు. అయినా చూస్తా."

"అది మా కాకి మాదిరి."

"ఏం కాకి?"

"పెద్దలకు పెట్టినప్పుడు ఇంటి మీద ముద్ద పెట్టి కాకిని పిలుస్తాం గదా. ఆ కాకి మా నాయనంటే నేను నమ్మతానా? నమ్మను. కానీ పోయినేడు గంటసేపు పిలిచినా ఒక్క కాకీ రాలా. నాయన నామీద కోపంగా ఉండాడని ఏడ్చేసినా. నమ్మంది నేనే, ఏడ్చింది నేనే."

"తర్వాత వచ్చిందా?"

"వచ్చింది. వచ్చి వడ తినింది, అన్నం వదిలేసింది. మా నాయన అంతే."

"నవ్వించబాక."

"నవ్వండి, ఏమవతాది. ఏడాదైంది మిమ్మల్ని నవ్వంగా చూసి."

"సరే, నాకొకటి తోస్తా ఉంది. నా చీటీలన్నీ నువ్వు దాచిపెట్టినావంట గదా. మా సంఘంలో డెబోరా చెప్పింది, బిస్కెట్ల డబ్బాలో ఉండాయని."

"డెబోరమ్మ ఎందుకు చెప్పిందో."

"తీ. ఒక్కోటి చదువు. అప్పుడు బుర్ర బాగా పనిచేసేది నాకు. వాటిల్లోదే ఒకటి లిల్లీకి పెట్టేద్దాం."

"పాతవి ఎందుకులెండి. అమ్మకు కొత్తది రాయాల మీరు."

"కొత్తది రాకనే గదా అడగతా ఉండేది."

"డబ్బా ఎక్కడ పెట్టినానో ఏమో."

"నీ వెనకాలే ఉండాది ఓబులేసూ. ఉలుల పక్కన."

"అది వేరే డబ్బా."

"మూత మీద బిస్కెట్ల బొమ్మ కనపడతా ఉంది. నాకు దగ్గరివే ఆనవు, దూరానివి బాగానే ఆనతాయి."

"అయ్యా, చెప్తే వినరు. సరే, ఇదో. చదవతా. తర్వాత నన్నేమనొద్దు."

"నిన్నెందుకంటా?"

"ఇది రెబెక్కమ్మ కొడుకుది. రాజ్ కుమార్. లారీ కింద పడి పోయినాడే, ఆ పిల్లోడు. 'వాకిట్లో లైటు వేసే పెట్టినాం నాయనా.'"

"ఏందీ?"

"వాకిట్లో లైటు..."

"వినపడింది. నేను ఇచ్చింది ఇది కాదే. పునరుత్థానం గురించి నాలుగు పంక్తులు ఇచ్చినా నేను. మూడు రోజులు కూర్చోని రాసినా."

"అవును, అది కూడా తెచ్చింది. ఇది ఇంకోటి."

"చదువు."

"ఆస్పత్రి నర్సమ్మ నవోమిది. 'నువ్వు పురుడు పోసిన బిడ్డలందరూ బాగుండారు.'"

"ఇంకా."

"మనుబోలాయన, పెళ్లాంతో పదేళ్లు మాటల్లేకుండా పోయినాడే. ఆయమ్మ పెట్టించింది. 'అలిగింది నిజమే. ఇప్పుడు లేదు.'"

"ఇవి ఎవరు రాసినారు?"

"మాస్టారూ..."

"ఎవరు రాసినారని అడగతా ఉండా. ఇట్టా తే, ఆ కాగితం."

"అద్దాలు లేకుండా మీకు ఆనదు."

"అక్షరం ఆనకపోయినా చెయ్యి తెలస్తాది. ఈ కొమ్ములు ఇంత బారుగా లాగేది ఒక్క మనిషే."

"అమ్మగారే. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకునింది. వాళ్లు మీ దగ్గర చీటీ తీసుకోని బయటికొస్తారు గదా, అప్పుడు వెనక వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చేది. మీరేమో ఏ వాక్యం కావాలని అడగతారు. అమ్మ ఇంకోటి అడిగేది. పోయిన మనిషితో ఇంకా ఏం చెప్పాలని ఉండాది నీకు, అని. వాళ్లు ఏడ్చి ఏడ్చి ఏదో ఒకటి అంటారు. అదే రాసిచ్చేది."

"రెండు చీటీలూ నీకిస్తారు."

"రెండూ ఇస్తారు. రెండూ రాతి మీద పట్టవు."

"నావి చెక్కినవి లేవా?"

"ఎందుకు లేవు. ఉండాయి. ఆరో, ఏడో."

"డబ్బాలో ఎన్ని ఉండాయి?"

"రెండొందలు ఉంటాయేమో."

"ముప్పై ఏళ్లు నేను... ఒక్కరన్నా నాతో అన్లేదే."

"మిమ్మల్ని నొప్పించడం ఎవురికి ఇష్టం. మీరు ఒక్కసారి పోయి చూసుంటే మీకే తెలిసేది. భూస్థాపనకు పోయినా ప్రార్థన కాంగానే వెనక్కొచ్చేస్తారు, రాయి పెట్టేటప్పుడు అసలే పోరు."

"లిల్లీ దగ్గరికి ప్రతి ఆదివారం పోతా ఉండాను గదా. ఆమెది కొత్త వరస. ఆ పక్కన ఇంకా రాళ్లు లేవు. గేటు నుంచి నేరుగా అక్కడికే పోతా, అట్నే వచ్చేస్తా. పక్కకు చూడను."

"కోపంగా ఉండాదా?"

"ఉంది. ఎవరి మీదో తెలీడం లేదు. ఇంకో రెండు చదువు."

"'ఉప్పు ఎక్కువైందని ఇంకెవురంటారు.' ఇది ఒకామె మొగుడికి. ఇంకోటి, 'నీ చెల్లెలు పది పాసైంది.'"

"అన్నీ పోయినవాళ్లతో మాట్లాడినట్టే ఉండాయి."

"అవును, అన్నీ అంతే."

"ఐగుప్తులో, అదే ఈజిప్టులో, చేసేవాళ్లు ఓబులేసూ ఇట్టా. నాలుగు వేల ఏళ్ల కింద. చచ్చిపోయినవాళ్లకు జాబులు రాసేవాళ్లు. ఎక్కడ రాసేవాళ్లో తెలుసా, అన్నం గిన్నె లోపల. సమాధి దగ్గర ఆ గిన్నెలో కూడు పెట్టి వస్తారు. ఆ మనిషి కూడు తింటే అడుగున జాబు కనపడతాది. బిడ్డకు జబ్బుగా ఉండాది, నువ్వు ఊరుకుంటావా, నేను నీకేం తక్కువ చేసినాను. అట్టా రాసేవాళ్లు. నేను తరగతిలో ఇది చెప్పి నవ్వించేవాణ్ణి. పాపం, వాళ్లకింకా తెలీదు అని."

"నవ్వేదేముంది అందులో."

"ఏం లేదు. అదే ఇప్పుడు చెప్తా ఉండా. చచ్చిపోయినవాళ్లు ఎక్కడికి పోతారని వాళ్లేం నమ్మినారో దాని గురించి నేను ఒక పుస్తకమే రాసినా. లిల్లీకి ఇన్ని భాషలు రావు. నమ్మకం ఎక్కడికి పోతారనే దాంట్లో లేదు, వింటారనే దాంట్లో ఉండాదని ఆమెకు వెనక వరండాలో తెలిసిపోయింది. నేను లోపల తలుపేసుకోని అదే వెతకతా ఉండా."

"నీళ్లు తాగండి."

"వద్దు. డబ్బా మూసెయ్. ఒక్క సంగతి చెప్పు. తనకని ఏమన్నా రాసిపెట్టుకునిందా?"

"తనకు లేదు."

"అట్టా లేదంటావేంది, ఇంకేదో ఉండేటట్టు."

"తనకు రాసుకోలేదన్నా. అంతే."

"ఓబులేసూ."

"పొద్దు పోతా ఉండాది మాస్టారూ, మీరు ఆటో దొరక్క ఇబ్బంది పడతారు."

"ఇందాక నేను కదిలించొద్దంటే టీ అన్నావు. ఇప్పుడు ఆటో అంటా ఉండావు. డబ్బాలో ఇంకేముంది?"

"అడుగున ఒకటి ఉండాది. చెక్కంది."

"ఎవరిది?"

"మీది."

"నాదేంది?"

"మూడేళ్ల కింద నెల్లూరులో మీకు గుండె ఆపరేషన్ అయింది గదా. అప్పుడొచ్చింది అమ్మ. మీరే ముందు పోతారనుకునింది. ఈ చీటీ నా చేతిలో పెట్టి, ఆయన పోతే ఇది పెట్టు, పాస్టరు మాట వినొద్దు అనింది. మీరు బాగై వచ్చినాక తిరిగి ఇచ్చేస్తానన్నా. ఉండనీ, ఎప్పటికైనా పనికొస్తాది అనింది."

"చదువు."

"ఇంటికి పోయి మీరే చదువుకోండి."

"నువ్వు చదువు. ఇంట్లో నేను చదవలేను."

"'ఆయన చదువుకుంటా ఉండారు. కదిలించొద్దు.'"

"వచ్చినవాళ్లందరికీ అదే చెప్పేది. వాకిట్లో చెప్పులు విప్పంగానే. ఆయన చదువుకుంటా ఉండారు, కదిలించొద్దు. లోపలికి వినపడేది నాకు. విని, తృప్తిగా పేజీ తిప్పేవాణ్ణి."

"నాకు అర్థంగాక అడిగినా అప్పుడు. ఏందమ్మా, అందరివీ పోయిన మనిషితో మాట్లాడినట్టు రాస్తారు, సారుది మాత్రం బయటోళ్లకు చెప్పినట్టు ఉండాదే, అని."

"ఏమనింది?"

"ఎందుకులెండి."

"ఏమనింది ఓబులేసూ?"

"ఆయనతో నేను మాట్లాడిందెప్పుడు, గడప బయట నిలబడి వచ్చినోళ్లకు చెప్పిందే గదా నా కాపురం, అనింది."

"ఏడ్చిందా?"

"లేదు. నవ్వతానే అనింది."

"నవ్వతానే అనింటాది. అట్టాంటివన్నీ నవ్వతానే అంటాది. నలభై రెండేళ్లు. బిడ్డలు కూడా లేరు, ఆమెకు మాట్లాడేదానికి. నేను ఎవరి సమాధులో, ఏ దేశపు రాళ్లో, వాటితో మాట్లాడతా కూర్చున్నా."

"ఆ చీటీ చించేసేదా?"

"చించబాక. జాగ్రత్తగా పెట్టు. నాకు అదే చెక్కాల. మాట మార్చొద్దు."

"అట్నే. మరి అమ్మది? ఆదివారం..."

"సుద్దముక్క ఉండాదా?"

"ఇదో. మీరు రాస్తారా? అద్దాలు తేలేదు గదా మాస్టారూ, చెప్పండి, నేను రాస్తా. వాక్యమేనా?"

"వాక్యం కాదు. జానెడు జాగాలో పడతాది. రాసుకో."

"చెప్పండి."

"'చదువుకోవడం అయిపోయింది లిల్లీ.'"

"అయిపోయింది, లిల్లీ. రాసినా. అంతేనా?"

"ఇంకొక్కటి, దాని కిందనే. 'లోపలికి రా.'"