బందు మీది గంధం

“తాతా, గీ హార్న్ ఏడ బిగించాలె?” అంటున్నవా? చెప్త, జర కూసో. గా రిమోట్ పక్కకు పెట్టు ముందు.

గిది బొమ్మ ఇమానం తోకరెక్క, ఎలివేటర్ అంటరు. తలుపుకున్నట్టు దీనికి సుత బందులుంటయి. హార్న్ అంటే గీ ప్లాస్టిక్ ముక్కనే. లోపటి మోటరు తీగెను గుంజుతది, తీగె హార్న్‌ను గుంజుతది, రెక్క లేస్తది. హార్న్ బొక్కలు బందుకు సరిగ్గ మీద రావాలె. బందు మాత్రం ఆడుతుండాలె, తెలిసిందా.

బందు అంటే మీ అమ్మమ్మ యాదికొస్తది. నువ్వు పాలు తాగే పిల్లవు గప్పుడు. పంజగుట్టల సామాను కొనుక్కొచ్చి, అమీర్‌పేటల గీ ఇంట్లనే, వంటింటి బల్ల మీద చేస్తుంటి. ఇల్లంత గమ్ము వాసన. “అన్నం తినే జాగల గీ ఇమానమేంది” అని కసురుకునేది. పానం మంచిగుండకపోయేది ఆమెకు. దసరా అయినంక దవాఖానల భర్తీ చెయ్యమన్నరు, గుండె ఆపరేషనుకు. “గంతలోపట ఒక్కసారి ఎగిరేది సూపియ్యి” అన్నది నాతోని.

ఆయుధపూజ నాడు స్కూటరుకు, కుట్టుమిషనుకు గంధం బొట్లు పెట్టి, ఇమానానికి సుత పెట్టింది. నేను సూడలె, మీ మామ పిలిస్తే కిందికి పోయిన. కాదు, మీ మామ కాదు, పాలాయన. తెల్లారి ఊరి బయట ఖాళీ జాగకు పోయినం. ఎగిరేసే ముందు రెక్క ఆడిచ్చి సూస్తే కదుల్తలేదు, మోటరు కుయ్ కుయ్ అంటున్నది. బందు సందుల గంధం ఎండి పట్టేసింది.

ఆమెనేమో కుర్చీల కూసొని సూస్తుంది. నీ పూజతోనే ఆగిందంటే మనసు కష్టపెట్టుకుంటది. అట్లనే ఎగిరేస్తే నేలకు కొట్టుకుంటది. “గాలి మస్తున్నది, మళ్లెప్పుడన్న వద్దం” అన్న. ఆకు సుత కదుల్తలేదు గాడ. లేచొచ్చింది. “నాకు అబద్ధాలు చెప్పకు, ఏమైంది?” అన్నది. సూపిచ్చిన.

కొప్పుల పిన్ను తీసి, తనే మెల్లగ గోకుడు షురూ చేసింది. “దేవునికి పెట్టింది గద, ఏమన్న అనుకుంటడేమో” అన్న నేను. “ఇమానం పడితే అనుకుంటడు, నువ్వు ఊకో” అన్నది.

ఎగిరింది బిడ్డా. ఒక్క సుట్టు తిరిగిందో లేదో, “దించు, నాకు దడైతున్నది” అన్నది. దించినంక “మళ్ల ఎగిరియ్యి” అన్నది. బ్యాటరీ అయిపోయేదాంక సూసింది, సంటిపిల్ల లెక్క నవ్వుకుంట.

మర్నాడు భర్తీ చేసినం. గాడికెళ్లి ఇంటికి రాలె ఆమె. నేను మళ్ల ఇమానం పట్టలె. నువ్వు చేస్తున్నవంటే, ఇగో, గిట్ల కూసుంటున్న.

సరే, ఆ స్క్రూ గట్టిగ తిప్పకు, కట్టె ఇరుగుతది. ఎగిరేసే నాడు మీ అమ్మను సుత తోల్కపో. బొట్టు పెడ్తనంటే వద్దనకు బిడ్డా, ఇమానం ముక్కు మీద పెట్టమను. సల్లగుండు.