గురువారం పంటినొప్పి

బ్రూక్లిన్‌లోని కొత్త తరహా యూదు డెలీలో పస్ట్రామీ శాండ్‌విచ్ సగం తిన్నాక గాని చెల్లెలికి గుర్తు రాలేదు.

"అక్కా, కొంప మునిగింది! నాలుగింటికి కాబోయే అత్తగారింట్లో చీజ్‌కేక్!"

"మాంసం తిన్నాక ఆరు గంటలైనా ఆగకుండా పాలసరుకు ముట్టుకుంటావటే?"

"ముట్టకపోతే మాంసం ఎక్కడ తిన్నావంటుంది. ఈ కొట్టు మాంసం మన మతాచారానికి చెల్లుతుందని రబ్బీ ముద్ర లేదని ఊరందరూ ఎరుగుదురు. సంబంధం తప్పిపోతుందే!"

"కడుపునొప్పని చెప్పు."

"ఈ పూటకి చెబుతా. పెళ్లయ్యాక రోజూ చెప్పనా?"

అక్క తలెత్తకుండా ఉప్పుదోసకాయ కొరికింది.

"నాకు తొమ్మిదేళ్లుగా ప్రతి గురువారం పంటినొప్పే. డాక్టరు దగ్గరికంటూ ఇక్కడికే వస్తా. మా అత్తగారు పాపం, ఇంకా లవంగనూనె కొనిస్తూనే ఉంది. తినవే, చల్లారిపోతోంది."

చెల్లెలు మిగిలిన సగం శాండ్‌విచ్ కాగితంలో చుట్టి అక్క వైపు నెట్టింది.