చేపముల్లు ఏడో సంచిక

ఆ సుత్తి కాసేపు పక్కన పెట్టవయ్యా, ఎయిలర్ట్. వచ్చినప్పటినుంచీ నీ వీపుతోనే మాట్లాడుతున్నాను. బెర్గెన్ చేపలన్నీ నువ్వు బిగించే పీపా కోసమే కాచుక్కూర్చోలేదు. ముందా తలుపు వెయ్యి. కాఫీ వద్దు.

'చేపముల్లు' పత్రిక ఇక రాదట, విన్నావా? ఏడంటే ఏడే సంచికలు. గొంతులో గుచ్చుకోవాలని సంపాదకుడు హెల్ట్‌సెన్ ఏరికోరి పెట్టిన పేరు. మొదటి సంచిక చదివి ఊరంతా నవ్వింది. నువ్వు రాసిన రేవు కబుర్లకీ నవ్వింది. పాదిరిగారూ నవ్వారని చెప్పుకున్నారు. ఏడోది రాగానే అచ్చుకూటానికి పోలీసులొచ్చారు. హెల్ట్‌సెన్ మంగళవారమే ఓడెక్కి కోపెన్‌హాగెన్ చెక్కేశాడు. మహా ధీరుడు.

ఎందుకొచ్చారంటావా? వరసగా చెప్పనీ. ఏడో సంచికలో వచ్చిన ఒక పాట వల్ల. సముద్రంలో మునిగిపోయిన జాలర్లు స్వర్గం గుమ్మంలో నిలబడతారు. పాదిరిగారు అడ్డం వచ్చి, 'ముందు ఆ తడి బూట్లు విప్పండి, తర్వాత వేదపాఠం అప్పజెప్పండి' అంటారు. అదీ పాట. కింద పేరు లేదు. దైవదూషణ అంటున్నారు. రాసినవాళ్ళకి జైలట.

నువ్వూ నవ్వావూ? సరే, ఇప్పుడు మాత్రం నవ్వకు.

అచ్చుకూటంలో అక్షరాలు పేర్చడం అయ్యాక రాతకాగితాన్ని ఇనపమేకుకి గుచ్చి పెడతారు కదా, ఆ మేకుతో సహా పట్టుకుపోయారు. పొద్దున ఆ పాట కాగితం తీసుకుని బడికొచ్చారు. నా దగ్గరికే ఎందుకంటే, ముప్ఫై ఏళ్ళుగా ఈ రేవులో అందరిచేతా అక్షరాలు దిద్దించింది నేను. రాత చూసి మనిషిని చెప్పగలనని పాదిరిగారే పంపారట. బడి సంఘానికి పెద్ద ఆయన. ఆయన వద్దంటే నాకు ఉద్యోగం లేదు, ఉండే గదీ లేదు.

"ఇది ఎడమచేతి రాతలా ఉంది. ఎవరిది, పంతులమ్మగారూ?" అన్నాడు అధికారి.

ఎడమచేతి రాతే. నేనే రాశాను, ఎడమచేత్తో. పోలిక దొరకదని.

అలా చూడకయ్యా.

నా బడిలో ఎడమచేతి వాటం పిల్లాడివి నువ్వొక్కడివే. ఆ వేళ్ళమీద బెత్తంతో కొట్టి కుడికి మార్చబోయిందీ నేనే. నీ పేరు చెప్పాను. కంగారులో జారిందని అనను. ఇద్దరు ముగ్గురి పేర్లు మనసులో అనుకుని, వాళ్ళు నమ్మేది నీ పేరేనని చెప్పాను.

తర్వాత రెండుసార్లు ఠాణా గుమ్మందాకా వెళ్ళాను. లోపల పాదిరిగారి గొంతు వినబడింది. వెనక్కొచ్చేశాను. ఒక్కదాన్నే పోలేను. నువ్వు పక్కనుంటే మెట్లెక్కి నిజం చెప్పేస్తానేమో, రాగూడదూ?

అప్పుడే కోటు తొడుక్కుంటున్నావా? ఆగు, నాయనా, ఆగు. నిన్ను చూడగానే పట్టుకుంటారు. నేనింకా నోరు తెరవకముందే. ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగరు.

అది తెలిసే నిన్ను నాతో రమ్మన్నాను.