నాలుగో బోరు

వేంపల్లె దగ్గర ఎండిపోతున్న చీనీ (బత్తాయి) తోటలోకి బోరు లారీ వచ్చి ఆగింది. దాన్ని పిలిపించిన జయపాల్ మాత్రం గట్టు మీది నుంచి లేవలేదు. భార్య ప్రేమజ్యోతి దగ్గరికి వచ్చింది.

“ఏమప్పా, బోరు వేసే పాయింటు యాడని లారీ వాళ్లు అడుగుతాండారు.”

“ఇది గూడా ఎండుబోరైతే?”

“ఇంతకుముందు మూడు వేయించినావు. ఒక్కసారైనా ఈ మాట అన్నావా?”

“అప్పుడు పాప లేదు కదా. నీళ్లు పడకుంటే మనిద్దరం ఇంత గంజి తాగి పండుకుంటిమి. దాన్ని గంజి తాగి పండుకోమని యెట్ల చెప్పేది?”

మూడో బోరుకు వెనకాముందు చూడకుండా చెవికమ్మలు తీసిచ్చింది ప్రేమజ్యోతే.

“చెట్లు ఎండిపోతే మాత్రం పాపకు ఏం పెడతాం?”

“ఇంటి పక్కనుండే రెండు సాళ్లకు ట్యాంకరు నీళ్లు తోలిద్దాం. అవన్నా బతుకుతాయి.”

“మిగతావి?”

పెళ్లికి ముందు ఆ మొక్కలన్నీ జయపాల్ ఒక్కడే నాటాడు.

“నువ్వు ఉండు. లారీ వాళ్లను ఎనక్కి పొమ్మని నేను చెప్పొస్తా,” అంది ప్రేమజ్యోతి.

“వద్దులే. పిలిచింది నేను, నేనే చెప్తా.”

జయపాల్ లేచి, చెట్ల వైపు చూడకుండా లారీ దగ్గరికి నడిచాడు.