ఏడో నంబరు పోర్ట్

షెడ్డు పైనున్న కంట్రోల్ గదిలో కంప్యూటర్ ముందు అల్లుడు. అతని వెనకాల, తలుపుకి లోపలి గడియ పెట్టి, చేతిలో పానాతో బావమరిది. అద్దం అవతల, కింద షెడ్డులో, రేకులు వంచే ప్రెస్ కింద, మామగారి కుడిచెయ్యి ఇరుక్కుని ఉంది.

“అదంతా నాకొద్దు బావా. ముందు ప్రెస్ లేపు.”

“లేపడానికే చూస్తున్నాను. నువ్వా పానా కింద పెట్టు.”

“పెట్టను. లేపు.”

“మెడ మీద పెడితే నేను పనెలా చెయ్యనురా?”

“అలాగే చెయ్యి. నాన్న ఆపే బటన్ నొక్కాడు, ఆగలేదు. పైకి లేపే బటన్ మేమందరం నొక్కాం, లేవలేదు. ఆ బటన్లు రెండూ తెచ్చి నీ ప్రోగ్రాంకి కలిపింది నువ్వు. అవునా కాదా?”

“అవును.”

“అవునట. ఎంత చల్లగా అన్నావో చూడు.”

“అబ్బా... కొట్టకు. కళ్ళజోడు... ఒరే, అది లేకపోతే నాకేం కనబడదు.”

“ఇదిగో. ఒక అద్దం పోయింది. రెండో కంటితో చూడు.”

“కరెంటు ఎవరూ ముట్టుకోలేదు కదా? కరెంటు తీస్తే నూనె ఒత్తిడి పోయి ప్రెస్ పైపలక ఇంకా కిందికి దిగుతుంది.”

“ఫిట్టర్ని నేను. నాకు చెప్పకు.”

“జాకీ పెట్టి చూశారా?”

“వెల్డర్ పెట్టబోయాడు. పలక పక్కకి వాలింది. నాన్న అరిచిన అరుపు వినబళ్ళేదా నీకు? మైకు వేసే ఉందిగా.”

“వినబడింది.”

“ఇప్పుడు అరవట్లేదు. అదే నాకు భయంగా ఉంది. నీ ప్రోగ్రాం ఆపేసి మళ్ళీ మొదలుపెట్టు.”

“అది మాత్రం చెయ్యను.”

“చెయ్యవా?”

“వినరా, పూర్తిగా విను. మొదలవగానే అది ప్రెస్‌ని అడుగు దాకా దించి, అక్కణ్ణించి ఎత్తు కొలుచుకుంటుంది. అడుగు దాకా. మామయ్య చెయ్యి అక్కడుండగా...”

“చాలు.”

“అందుకే ఆపకుండా సరిచెయ్యాలి. ప్రోగ్రాం రాసింది స్కీమ్ అనే భాషలో, దాన్ని నడిపే ఇంటర్‌ప్రెటర్ ఇది. ప్రోగ్రాం నడుస్తుండగానే నేను ఇక్కడ టైపు చేసింది వింటుంది.”

“మరి చెయ్యవేం?”

“ఒక్క సంగతి చెప్పు. మామయ్య ఆపే బటన్ నొక్కినప్పుడు ఏం జరిగింది?”

“ఏమీ జరగలేదు. అదే కదా ఏడుపు.”

“ఏదో ఒకటి జరిగే ఉంటుంది. గుర్తు తెచ్చుకో.”

“లైట్లు పోయాయి. షెడ్డంతా చీకటైంది. పెద్ద షట్టరెత్తితే గానీ మనిషి కనబళ్ళేదు. దానికీ దీనికీ ఏంటి?”

“లైట్లా... అయ్యో.”

“అయ్యో అంటే?”

“ప్రెస్‌కి మాట వెళ్ళే దారి ఒకటుంటుంది. పోర్ట్ అంటాం. ఆ దారికి సిస్టమ్ ఒక నంబరిస్తుంది, దాని పేరు డిస్క్రిప్టర్. ప్రెస్‌ది ఏడు. నేను బటన్లకి పోర్ట్ ఇవ్వకుండా ఏడు అన్న నంబరొక్కటే ఇచ్చాను. ఈ ఇంటర్‌ప్రెటర్‌ది ఒక అలవాటుంది. అప్పుడప్పుడూ లోపలంతా ఊడుస్తుంది. ఎవరూ పట్టుకోని పోర్ట్ కనబడితే మూసేస్తుంది.”

“మూసేస్తే?”

“నంబరు ఖాళీ. తర్వాత ఏది తెరుచుకుంటే దానికిస్తారు. ఇవాళ లైట్ల బోర్డు తెరుచుకుంది, ఏడు దానికెళ్ళింది. మామయ్య ఆపమంటే ఆ మాట పోయి లైట్లకి తగిలింది. అవి ఆగాయి.”

“ప్రెస్ ఆగలేదు.”

“ఆగలేదు.”

“నువ్విచ్చిన నంబరు వల్ల.”

“నా వల్లే. నంబరు అడగడానికి ఇందులో ఆజ్ఞలు, ప్రొసీజర్లంటాం, రెండున్నాయి. ఒకటి, నంబరు బయట ఎవరి దగ్గరో ఉందని గుర్తుపెట్టుకుని ఆ పోర్ట్ జోలికి ఎవర్నీ రానివ్వదు. రెండోది నంబరు చెప్పేసి ఊరుకుంటుంది. నేను రెండోది వాడాను.”

“ఎందుకు?”

“తేడా ఏముందిలే అనుకున్నాను.”

“తేడా ఏముందిలే. ఎడమచెయ్యి బల్ల మీద పెట్టు.”

“ఎందుకురా... ఒరే, వద్దు. నీకు దణ్ణం పెడతాను, వద్దు...”

“ఇదీ తేడా.”

“అమ్మా... అమ్మా...”

“మా నాన్నకీ అయిదు వేళ్ళే ఉన్నాయి ఆ చేతికి. నీకు కుడిచెయ్యి వదిలాను, దాంతో కొట్టు. కొట్టు టైపు.”

“మీ అక్క...”

“అక్క ఊసెత్తకు. అక్క మొగుడివని ఇంకా ప్రాణంతో ఉంచాను.”

“సరే. సరే. చూడు. ఒత్తిడి ఎంతుందో ప్రెస్ నుంచి చదవడానికి అదే దారికి ఇంకో నకలు తీసిపెట్టాను. దాని నంబరు తొమ్మిది. అదింకా తెరిచే ఉంది.”

“దాంట్లోంచి లేపెయ్ మరి.”

“అది వినే దారి, చెప్పే దారి కాదు. దాని మీద రాసే పోర్ట్ ఒకటి కట్టాలి. అంతకంటే ముందు దాన్ని గట్టిగా పట్టుకోవాలి. ఇప్పుడు గనక మళ్ళీ ఊడ్చిందంటే తొమ్మిది కూడా పోతుంది. ఇక ప్రెస్‌కి దారే ఉండదు.”

“ఎప్పుడూడుస్తుంది?”

“దానిష్టం. చెప్పిరాదు.”

“మరి మాటలాపు.”

“చేస్తూనే ఉన్నాను, ఒంటిచేత్తో. ఒరే... అసలు ప్రెస్ ఎలా దిగింది?”

“ఏంటి?”

“ఆగకపోవడం నా తప్పు, ఒప్పుకున్నాను. దిగడం ఎలా దిగింది? మొదలైనప్పుడు కొలుచుకోవడానికి తప్ప, దించేది కాలితో తొక్కే పెడల్ ఒక్కటే. పెడల్ వైరు నేరుగా ప్రెస్‌లోకి పోతుంది, నా ప్రోగ్రాం మొహం కూడా చూడదు.”

“దానంతటదే దిగింది.”

“దానంతటదే దిగదురా.”

“దిగిందన్నానుగా.”

“దిగినా నెమ్మదిగానే దిగాలి. చెయ్యి లాక్కోలేకపోయాడా?”

“చేతికున్న తొడుగు రేకు అంచుకి పట్టేసింది. ఎడంచేత్తో బటన్ నొక్కుతూనే ఉన్నాడు. నా వంక చూస్తూ నొక్కుతూనే ఉన్నాడు.”

“నువ్వెక్కడున్నావు?”

“అక్కడే.”

“అక్కడే అంటే?”

“అక్కడే అంటే అక్కడే. నీకెందుకు?”

“పొద్దున మామయ్య నిన్ను చెంప మీద కొట్టాడని విన్నాను.”

“కొట్టాడు. రేకు వంకరగా కోశానట. పెళ్ళాం బిడ్డలున్నవాణ్ణి, షెడ్డు మధ్యలో నిలబెట్టి కొట్టాడు. వెల్డర్ నవ్వాడు. క్రేన్ మీద కూర్చున్నవాడు కూడా వంగి చూసి నవ్వాడు. అయితే ఏంటి? కన్నతండ్రి కొడితే తప్పా? ఇంకొక్క మాటడిగితే నీకు రెండో చెయ్యి కూడా ఉంది, గుర్తుంచుకో.”

“అడగను. నుదుటి మీంచి రక్తం కంట్లోకి దిగుతోంది. మీటలు కనబడట్లేదు. నువ్వొచ్చి కొట్టు, నేను చెబుతాను.”

“నేనా? నాకిదంతా...”

“మొత్తం నేను కొట్టేశాను, చివరిది మిగిలింది. బ్రాకెట్ మూయి. ఇంకొకటి మూయి.”

“మూశాను.”

“ఎంటర్ నొక్కు. ఏమొచ్చింది?”

“తొమ్మిది అని పడింది.”

“హమ్మయ్య. పట్టుకుంది. ఇక ఎవరొచ్చి ఊడ్చినా వదలదు. కొంచెం జరుగు, కన్ను తుడుచుకున్నాను, రాసే పోర్ట్ నేను కడతాను... ఇదిగో. ఇప్పుడు లేపు అన్న మాట పంపాలి. ఎంటర్ నొక్కు.”

“నొక్కాను.”

“లేచిందా?”

“లేదు.”

“సరిగ్గా చూడు.”

“చూస్తున్నాను బావా, కదల్లేదు. నాన్న తల వాలిపోయింది. నన్ను ఆడిస్తున్నావా నువ్వు? ఆడిస్తున్నావా?”

“ఆగు, జుట్టు వదులు, ఆగు. మాట ఇంకా పోర్ట్ కడుపులోనే ఉంది. కడుపు నిండేదాకా అది బయటికి వదలదు. బలవంతంగా తోయించే ప్రొసీజర్ ఇంకొకటుంది.”

“ఇంకెన్నున్నాయి నీ దగ్గర?”

“ఇదొక్కటే. వదిలితే కొడతాను. ఇదిగో కొట్టాను... నొక్కు.”

“లేస్తోంది.”

“నిజంగానా?”

“లేస్తోంది బావా. లేచింది. లాగండ్రా, నాన్నని లాగండి. మోచేతి పైన బెల్టు కట్టండి, బిగించి కట్టండి.”

“బతికున్నాడా?”

“కళ్ళు తెరిచాడు. చెయ్యి... మోచేతి కింద అది చెయ్యిలా లేదు బావా. గుడ్డపేలికలా వేలాడుతోంది.”

“నాకు చూపించకు.”

“చూడు. చూసి తీరాలి నువ్వు. అద్దం దగ్గరికి రా. ఇది చేసింది నువ్వు. అందరికీ చెబుతాను. అక్కకి చెబుతాను, పోలీసులకి చెబుతాను.”

“చెప్పు. ఆగకపోవడం నా వల్లేనని నేనూ చెబుతాను.”

“ఆగకపోవడం కాదు, మొత్తం. మొత్తం నీ వల్లే.”

“మైకులో మామయ్య గొంతు. ఏదో అంటున్నాడు, నీకోసమే. శబ్దం పెంచు, ఆ బటన్ నొక్కి మాట్లాడితే నీ మాట కిందికి వినబడుతుంది.”

“నాన్నా. నేనే నాన్నా. మాట్లాడకు, అంబులెన్స్ వస్తోంది. నీకీ గతి పట్టించినవాణ్ణి ఊరికే వదల్లేదు. వేళ్ళు విరగ్గొట్టాను.”

“ఎవర్ని... అల్లుణ్ణా? అతన్నెందుకు కొట్టావురా?”

“అతని ప్రోగ్రాం వల్లే కదా నాన్నా ఇదంతా.”

“పైనెందుకు దాక్కున్నావు, కిందికి రా. భయపడకు. పెడల్ మీద నీ కాలు జారిందనే చెబుతాను. నా కళ్ళలోకి చూస్తూ తొక్కావని ఎవరికీ చెప్పనులే.”