అమ్మ ఫోనుకి వచ్చిన అంకెలు

భోజనాలయ్యాయి. కూతురు తన గదిలో మంచం మీద ఉంది. తండ్రి గుమ్మం బయటే ఆగాడు.

“మార్చి తొమ్మిది. గుడ్డు సగం తిని, మిగతాది రొట్టె ముక్క కింద దాచావు. అప్పుడే అడగాల్సింది.”

“గుడ్డు సంగతా నాన్నా?”

“ఆ సాయంత్రమేగా మీ పిన్ని నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది?”

“పిన్ని చెప్పేసిందా?”

“దాని నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది, ఆసుపత్రికి తీసుకెళ్ళానని మాత్రం చెప్పి, ‘ఎందుకో దాన్నే అడగండి బావా’ అని ఊరుకుంది.”

“అయితే పిన్నికి థాంక్స్ చెప్పాలి.”

“ఆసుపత్రి కౌంటర్లోనూ అడిగాను. పద్నాలుగు దాటితే, పిల్ల ఒప్పుకుంటేనే రిపోర్టు చూపించడం వాళ్ళ రూలట. నీ టీకాలన్నీ దగ్గరుండి వేయించినవాణ్ణి నేను.”

“అక్కడిదాకా వెళ్ళావా?”

“వెళ్ళాను. తిట్టుకో.”

“అమ్మకి జబ్బని నాకెప్పుడు చెప్పారు మీరు? జుట్టంతా రాలాక. అదీ, షాంపూ పడలేదన్నారు.”

“అప్పుడు నీకు పదేళ్ళు.”

“ఇప్పుడు పదిహేను.”

“అందుకే లోపలికి రాలేదు. ఒక్కమాట చెప్పి పోతాను. సాయంత్రం అమ్మ ఫోను మోగింది.”

“ఊఁ.”

“అమ్మ లేకపోయినా రోజూ చార్జింగ్ పెడుతుంటాలే. నవ్వకు.”

“నవ్వట్లేదు.”

“ఆసుపత్రి మెసేజ్. నీ పరీక్ష ఫలితం వచ్చిందట. ఈ అంకెలు కొడితే తెరుచుకుంటుందట. నీ నంబరు బదులు పొరపాటున అమ్మది ఇచ్చినట్టున్నావు.”

“చూశావా?”

“లేదు.”

“నిజం చెప్పు.”

“చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది. అబద్ధమెందుకు. ఫోను బోర్లా పెట్టి, వెళ్ళి గిన్నెలు తోముకున్నాను.”

“అన్నీనా?”

“కడిగినవి కూడా మళ్ళీ కడిగాను. ఇదిగో ఫోను, తీసుకో. తలుపు వేసి పోతాను.”

“అయ్యో నాన్నా.”

“ఏమైందే?”

“ఆ చార్జింగ్ వైరు నాకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. తెలిసే ఇచ్చాను ఆ నంబరు.”

“తెలిసే?”

“నువ్వు చూసేస్తావు, నేను చెప్పే పని తప్పుతుంది అనుకున్నా. అన్నం పెట్టేటప్పుడు నీ మొహం చూశాను. ఏమీ తెలియలేదు.”

“ఏం తెలియాలమ్మా?”

“అమ్మకి గడ్డ ఎక్కడొచ్చిందో, అక్కడే నాకూ ఒకటి చేతికి తగిలింది.”

“మరి నువ్వే చూస్తావా, ఫలితం?”

“ఒక్కదాన్నే ఎలా చూస్తాను? తలుపు మెల్లగా వెయ్యి నాన్నా. బయట్నుంచి కాదు, లోపలికొచ్చి.”